మూడో చక్రం తగిలిస్తే అది మరో బండి

రెండు చక్రాల బండి పడిపోతుంది, మూడు చక్రాల బండి పడదు అని మనలో చాలామంది నమ్మకం. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కుదురుగా నిలబడుతుంది కదా! మోటారు సైకిలు పక్కన ఒక సైడుకారు తగిలించి, దానికో చక్రం పెడితే ఇక పడే భయమే ఉండదని అలాగే అనుకుంటారు. మోకాళ్ల నొప్పులతో వెనక సీటు ఎక్కలేని ఇల్లాలి కోసమో, ఇద్దరు పిల్లల కోసమో, మూలన పడి ఉన్న పాత బుల్లెట్టును దులిపి బయటికి తీసి, వెల్డింగు షాపుకు తోలుకుపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దూర ప్రయాణాల సరదా ఉన్న కుర్రకారు కూడా ఈమధ్య పాత బండి, పక్కన సైడుకారు అంటూ ముచ్చటపడుతున్నారు.

నిలబడి ఉన్న బండి విషయంలో ఆ నమ్మకం నిజమే. పరుగెత్తే బండి విషయంలో సగం కూడా నిజం కాదు. సైడుకారు తగిలించిన మోటారు సైకిలు ఇక మోటారు సైకిలు కాదు. అది ఆటోరిక్షా కాదు, కారూ కాదు. దానికి తనవే అయిన సూత్రాలు ఉన్నాయి. వాటిని లెక్కలోకి తీసుకోకుండా పాత బండికి నాలుగు బోల్టులతో సైడుకారు బిగించి, అందులో మనిషిని కూర్చోబెట్టడం తప్పని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. ఇందుకు కావలసిన భౌతికశాస్త్రం అంతా మీ హైస్కూలు పుస్తకాల్లోనే ఉంది. భ్రామకాలు, జడత్వం, గరిమనాభి చాలు. గరిమనాభినే గురుత్వ కేంద్రం అని కూడా అంటాం.

సైడుకారు కొత్త సంగతేమీ కాదు. 1903 జనవరిలో ఇంగ్లండులోని 'మోటార్ సైక్లింగ్' పత్రికలో జార్జ్ మూర్ అనే చిత్రకారుడు మోటారు సైకిలు పక్కన ఇలాంటి బండి తగిలించినట్టు ఒక వ్యంగ్య చిత్రం వేశాడు. నవ్వుకోవడానికి వేసిన బొమ్మ అది! మూడు వారాలు తిరిగేసరికి డబ్ల్యు. జె. గ్రాహం అనే ఆయనకు సైడుకారు మీద తాత్కాలిక పేటెంటు దొరికింది. ఆ తర్వాత సుమారు అర్ధ శతాబ్దం పాటు కారు కొనలేని ఐరోపా కుటుంబాలకు అదే కారు. 1959లో వచ్చిన మినీ వంటి చౌక కార్లతో దాని జోరు తగ్గింది. మన దేశంలో 1955 నుంచి మద్రాసులో బుల్లెట్లు తయారయ్యాయి. ఢిల్లీ, పంజాబు వైపు బుల్లెట్లకే కాదు, స్కూటర్లకు కూడా సైడుకార్లు తగిలించుకుని కుటుంబాలు తిరిగాయి. 1975లో వచ్చిన 'షోలే' సినిమా చూసినవాళ్లకు అందులో ఇద్దరు స్నేహితులు ఎక్కి తిరిగే సైడుకారు బండి గుర్తుంటుంది. పాట మధ్యలో సైడుకారు విడిపోయి తన దారిన తాను పోయి, మళ్లీ వచ్చి అతుక్కుంటుంది. సినిమాలో అతుక్కుంటుంది. మన రోడ్డు మీద అలాంటి ఆశ పెట్టుకోకండి.

రోడ్డుకు ఎడమ పక్కన నడిచే మన దేశంలో సైడుకారు బండికి ఎడమ వైపు ఉంటుంది. అమెరికా, జర్మనీల్లో కుడి వైపు నడుస్తారు కనుక అక్కడ కుడి వైపు ఉంటుంది. నేను చెప్పబోయే కుడి ఎడమలన్నీ మన దేశపు లెక్క ప్రకారం. అక్కడివాళ్లకు ఇవి అద్దంలో బొమ్మలా తిరగబడతాయి.

ముందు రెండు చక్రాల బండి మలుపు ఎలా తిరుగుతుందో చూద్దాం. విమానం కనిపెట్టిన రైట్ సోదరులు మొదట సైకిళ్ల వ్యాపారం చేసినవాళ్లు. ఎడమకు తిరగాలంటే మీరేం చేస్తారని విల్బర్ రైట్ ఎంతోమంది సైకిలు తొక్కేవాళ్లను అడిగాడట. మొదటిసారి సరిగ్గా చెప్పినవాడు ఒక్కడూ లేడట! అందరూ హ్యాండిలు ఎడమకు తిప్పుతామనే అన్నారు. నిజానికి జరిగేది వేరు. ఎడమకు మళ్లాలంటే మనం ముందు హ్యాండిలును ఒక్క క్షణం కుడికి తిప్పుతాం. చక్రాలు మన కిందనుంచి కాస్త కుడికి జరుగుతాయి, మనమూ బండీ ఎడమకు ఒరుగుతాం, అప్పుడు చక్రం ఎడమకు తిరిగి బండి మలుపు తీసుకుంటుంది. ఇదంతా రెప్పపాటులో, మనకు తెలియకుండానే జరిగిపోతుంది. నమ్మకం లేకపోతే ఖాళీ మైదానంలో సైకిలు ఒక మాదిరి వేగంతో తొక్కుతూ, ఎడమ చేతి పిడిని అరచేత్తో మెల్లగా, చాలా మెల్లగా, ముందుకు నెట్టి చూడండి. సైకిలు కుడికి కాదు, ఎడమకు ఒరిగి ఎడమకే పోతుంది.

ఈ ఒరగడంలో ఇంకో మేలు ఉంది. మలుపులో బండి మీద ఉన్నవాడి లెక్క ప్రకారం రెండు బలాలు పనిచేస్తాయి. బరువు కిందికి లాగుతుంది, అపకేంద్ర బలం బయటికి లాగుతుంది. బండి తగినంత ఒరిగి ఉంటే ఆ రెండింటి ఫలిత బలం సరిగ్గా చక్రం తలంలోంచే నేలకు దిగుతుంది. అంటే మలుపులో కూడా చక్రం మీద పక్కనుంచి ఒత్తిడి దాదాపు పడదన్నమాట. సన్నని స్పోకులతో అల్లిన చక్రం అంత బరువు మోయగలగడానికి ఇదో ముఖ్య కారణం. స్పోకులు, ఇరుసు, ఫోర్కు, చట్రం అన్నీ ఈ ధీమాతోనే తయారవుతాయి.

ఇప్పుడు సైడుకారు తగిలించండి. బండి ఇక ఒరగదు. మొదటి మార్పు హ్యాండిలు దగ్గరే కనిపిస్తుంది. ఎడమ పిడిని ముందుకు నెట్టితే ఏమవుతుంది? చక్రం కుడికి తిరుగుతుంది, బండీ కుడికే పోతుంది. మామూలు మోటారు సైకిలు మీద ఎడమకు తీసుకుపోయే కదలికే ఇక్కడ కుడికి తీసుకుపోతుంది! ఇరవై ఏళ్లుగా మోటారు సైకిలు నడుపుతున్నానని చెప్పే పాతకాపుకు అందుకే మొదటి రోజు ఎక్కువ ప్రమాదం. ఎదురుగా కుక్కపిల్ల అడ్డం వచ్చిందనుకోండి. ఆలోచించే వ్యవధి ఉండదు. చేతులు తమకు అలవాటైన పని చేస్తాయి, బండి ఎదురుగా వచ్చే లారీల వైపు పోతుంది.

రెండో మార్పు తెలియాలంటే ఎడ్లబండి తోలినవాళ్లను అడగండి. వలపటి ఎద్దు బలమైనదై, దాపటి ఎద్దు నీరసంగా ఉంటే బండి ఎటు పోతుంది? దాపటి వైపుకు, అంటే ఎడమకు తిరుగుతుంది. సైడుకారు బండిలో లాగే ఎద్దు ఒక్కటే, అది కుడి వైపునే ఉంది. ఇంజను వెనక చక్రాన్ని తిప్పుతుంది. ఆ తోపు మోటారు సైకిలు గీత వెంబడి పనిచేస్తుంది. మొత్తం బండి గరిమనాభి మాత్రం ఆ గీతకు ఎడమగా జరిగి ఉంటుంది. అందుకని వేగం పెంచినప్పుడల్లా బండి ఎడమకు, సైడుకారు వైపుకు తిరగబోతుంది. వేగం తగ్గించినప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకం. బ్రేకులు మోటారు సైకిలు చక్రాలకే ఉన్నాయి కనుక అది ఆగబోతుంది, సైడుకారు జడత్వం వల్ల ముందుకు పోబోతుంది. బండి మొత్తం కుడికి తిరుగుతుంది. మన దేశంలో కుడి అంటే ఎదురు వాహనాల దారి. అర్థమైందా? గట్టిగా బ్రేకు వేయాల్సిన సమయంలోనే, పోకూడని వైపుకు పోతుంది.

ఇంట్లోనే చూడొచ్చు. పరీక్ష అట్టను నున్నటి గచ్చు మీద పెట్టి, దాని ఎడమ సగం మీద ఒక లావు పుస్తకం ఉంచండి. క్లిప్పు ఉన్న వైపు మీకు దూరంగా ఉండాలి. ముందు అంచున కుడి మూలకు దారం కట్టి ఎదురుగా నిలబడిన స్నేహితుణ్ణి లాగమనండి. అట్ట ఎడమకు తిరుగుతుంది. తర్వాత దారాన్ని వెనక అంచున కుడి మూలకు కట్టి మీరు పట్టుకోండి. అట్టను ముందుకు జారేలా ఒక్క తోపు తోసి, దారం బిగిసేలా ఆపండి. ఈసారి కుడికి తిరుగుతుంది. దీనికి మందు సైడుకారు చక్రానికి కూడా బ్రేకు పెట్టడమే. ఆ మందు చాలా బండ్లకు ఉండదు. ఖర్చు అని మానేస్తారు.

మూడో సంగతి అన్నిటికన్నా ముఖ్యమైనది. దీనికి కాగితం, పెన్సిలు తీసుకోండి. మోటారు సైకిలు, నడిపేవాడు కలిసి 250 కిలోలు అనుకుందాం. వారి గరిమనాభి నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఖాళీ సైడుకారు 80 కిలోలు. దాని గరిమనాభి 40 సెంటీమీటర్ల ఎత్తులో, మోటారు సైకిలు గీతకు 80 సెంటీమీటర్లు ఎడమగా ఉంది. మొత్తం 330 కిలోలు. భ్రామకాలు వేస్తే మొత్తం గరిమనాభి మోటారు సైకిలు గీతకు 80 × 80 ÷ 330, అంటే సుమారు 19 సెంటీమీటర్లు ఎడమగా వస్తుంది. ఎత్తు సుమారు 55 సెంటీమీటర్లు.

ఎడమ మలుపు తిరుగుతున్నాం. అపకేంద్ర బలం కుడికి తోస్తోంది. బండి మోటారు సైకిలు చక్రాల గీత మీదుగా కుడికి తిరగబడాలని చూస్తుంది, బరువు దాన్ని నేలకు పట్టి ఉంచుతుంది. 55 సెంటీమీటర్ల ఎత్తున పనిచేసే అపకేంద్ర బలపు భ్రామకం, 19 సెంటీమీటర్ల దూరాన పనిచేసే బరువు భ్రామకంతో సమానమైన క్షణాన సైడుకారు చక్రం నేలను వదిలేస్తుంది. 19ని 55తో భాగిస్తే 0.35. గురుత్వ త్వరణంలో 0.35 వంతు, అంటే సెకనుకు సెకనుకు 3.4 మీటర్ల చొప్పున అన్నమాట. మలుపు వ్యాసార్థం 20 మీటర్లయితే ఆ వేగం ఎంత? త్వరణాన్ని వ్యాసార్థంతో హెచ్చించి వర్గమూలం తీయండి. సెకనుకు 8.3 మీటర్లు, గంటకు 30 కిలోమీటర్లు!

గంటకు ముప్పై కిలోమీటర్లు ఏమంత వేగం? బజారులో పోయే వేగం. ఆ వేగానికే సైడుకారు గాలిలోకి లేస్తుంది. నడిపేవాడు బెదిరి హ్యాండిలును సరిచేస్తాడు. మలుపు విప్పుకుని బండి కుడికి, మళ్లీ ఎదురు దారిలోకే పోతుంది. ఇప్పుడు 60 కిలోల మనిషిని సైడుకారులో కూర్చోబెట్టి, ఆ మనిషి గరిమనాభి 50 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుని ఇదే లెక్క మళ్లీ వేయండి. గరిమనాభి 29 సెంటీమీటర్లు ఎడమకు పోతుంది, చక్రం లేచే వేగం 37 కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. అంటే ఖాళీ సైడుకారు కన్నా బరువున్న సైడుకారే నయం. మనుషుల్ని దింపేసి ఖాళీ బండితో ఇంటికి తిరిగి వచ్చేటప్పుడే జాగ్రత్తగా ఉండాలని ఎంతమందికి తోస్తుంది? తెలిసినవాళ్లు ఖాళీ సైడుకారులో ఇసుక బస్తా వేసుకుని తిరుగుతారు. మన లెక్కలో స్ప్రింగుల సాగుడు, టైర్ల నొక్కుడు, రోడ్డు గుంటలు లేవు. అవి కలిస్తే చక్రం ఇంకా ముందే లేవవచ్చు.

కుడి మలుపులో సైడుకారు నేలకు నొక్కుకుంటుంది కనుక భద్రమే అనిపిస్తుంది. ఈ భద్రతకూ ఒక హద్దుంది. బండి నేలను తాకే మూడు చోట్లను గీతలతో కలపండి. ముందు చక్రం, వెనక చక్రం, సైడుకారు చక్రం మూలలుగా ఒక త్రిభుజం వస్తుంది. గరిమనాభి నుంచి బలం ఈ త్రిభుజం లోపల నేలకు దిగినంతసేపే బండి నిలుస్తుంది. త్రిభుజం వెనక వెడల్పు, ముందు సన్నం. కుడి మలుపులో పోతూ బ్రేకు కూడా వేశామనుకోండి, బలం ముందుకూ ఎడమకూ జరిగి, ముందు చక్రానికీ సైడుకారు చక్రానికీ మధ్యనున్న ఏటవాలు గీతను దాటిపోతుంది. వెనక చక్రం లేస్తుంది, సైడుకారు ముక్కు నేలకు గుచ్చుకుంటుంది. సైడుకారు చక్రాన్ని వెనక చక్రానికి సరిగ్గా పక్కన కాక జానెడు ముందుకు జరిపి పెట్టేది అందుకే. అలా జరిపితే ఆ ఏటవాలు గీత గరిమనాభికి దూరమవుతుంది. మరీ ముందుకు జరిపితే మలుపుల్లో టైర్లు నేలను రాసుకుని అరిగిపోతాయి.

పందేల్లో సైడుకార్లు ఎలా పోతాయి మరి అని మీరు అడగవచ్చు. అక్కడ సైడుకారులోని మనిషి కూర్చోడు, మలుపు మలుపుకూ శరీరాన్ని బయటికి వంచి గరిమనాభిని తానే జరుపుతుంటాడు. ఇంకా తెలివైన ఉపాయం ఫ్రెడ్డీ డిక్సన్ ది. 1923లో మాన్ దీవిలో జరిగిన సైడుకారు టీటీ పందెంలో ఆయన తన డగ్లస్ బండికి పక్కకు ఒరిగే సైడుకారు తగిలించి గెలిచాడు. సైడుకారు పోగొట్టిన ఒరిగే గుణాన్ని మళ్లీ బండికి తెచ్చిపెట్టాడన్నమాట! నాకు ఆ మనిషంటే గొప్ప గౌరవం. ఉన్న బండికి ఏదో ఒకటి బిగించేసి సరిపెట్టుకోలేదు. ఏం పోయిందో తెలుసుకుని, దాన్ని తిరిగి తెచ్చే మార్గం వెతికాడు.

అయితే పాత బండికి సైడుకారు పెట్టనే కూడదా? పెట్టవచ్చు. ఎలాంటి బండికి, ఏమేం మార్చి అన్నదే ప్రశ్న. జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ 1960 నుంచి 1969 వరకు చేసిన ఆర్ 60/2 బండిని చూడండి. దూర ప్రయాణాలకు పేరుపడ్డ బండి. సైడుకారు బిగించడానికి దాని చట్రంలోనే చెవులు ఉండేవి. సైడుకారు బరువు లాగడానికి వెనక చక్రం దగ్గర వేరే పళ్ల నిష్పత్తి ఇచ్చేవారు. ముందు ఫోర్కు కింది భాగం ఇరుసు బిగించే చోటు రెండు రకాలుగా మార్చుకునే వీలుండేది. ఒకటి ఒంటి బండికి, ఒకటి సైడుకారుకు.

ఈ ఫోర్కు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. హ్యాండిలు తిరిగే ఇరుసును ఊహలో కిందికి పొడిగిస్తే అది చక్రం నేలను తాకే చోటుకు కొంచెం ముందుగా నేలను తాకుతుంది. ఈ ఎడాన్ని ట్రెయిల్ అంటారు. ఆసుపత్రి స్ట్రెచరు చక్రం తన కీలు వెనకనే నడిచినట్టు, ట్రెయిల్ వల్ల ముందు చక్రం తనంత తాను తిన్నగా నడుస్తుంది. ఒంటి బండికి ఇది సుమారు 10 సెంటీమీటర్లు ఉండడం మంచిదే. సైడుకారు బండి ఒరగదు కాబట్టి మలుపులో ముందు టైరు మీద పక్క బలం పడుతుంది. ఆ బలం 500 న్యూటన్లు అనుకుంటే, 10 సెంటీమీటర్ల ట్రెయిల్ మీద దాని భ్రామకం 50 న్యూటన్ మీటర్లు. 70 సెంటీమీటర్ల వెడల్పు హ్యాండిలును రెండు చేతులతో పట్టుకున్నవాడు ఒక్కో చేత్తో ఏడేసి కిలోల బరువుకు సమానమైన బలం పెట్టాలి. మలుపు ఉన్నంతసేపూ, ప్రతి మలుపులోనూ! నూరు కిలోమీటర్లు పోయేసరికి భుజాలు పడిపోతాయి. ట్రెయిల్ సగం చేస్తే శ్రమ సగం అవుతుంది. బి.ఎం.డబ్ల్యు. ఆ రెండో ఏర్పాటు పెట్టింది అందుకే. 1969లో వచ్చిన తర్వాతి వరుస బండ్లకు ఈ ఏర్పాట్లు లేవు. అప్పటికి ఐరోపాలో కార్లు చౌకయ్యాయి, సైడుకారు అడిగేవాళ్లు తగ్గారు.

1975లో హోండా కంపెనీ గోల్డ్‌వింగ్ అనే భారీ బండిని అమెరికా మార్కెట్టులో పెట్టింది. 999 సీసీలు, నాలుగు సిలిండర్లు, బరువు 290 కిలోలకు అటూఇటూ. పెద్ద ఇంజను, గొలుసుకు బదులు షాఫ్టు. సైడుకారు లాగడానికి ఇంతకన్నా బలమైన బండి ఏముంటుందని అక్కడ చాలామంది దీనికి సైడుకార్లు తగిలించుకున్నారు. బలం ఉంది, నిజమే. దాని చట్రం మాత్రం సైడుకారు కోసం చేసింది కాదు. కాబట్టి తెలిసిన పనివాళ్లు దాని కింద ఇంకో ఉపచట్రం అమర్చి, నాలుగు చోట్ల బిగించి, ట్రెయిల్ తగ్గించే వేరే ఫోర్కు పెడతారు. ఆ పాత గోల్డ్‌వింగ్‌లకు ఇప్పుడు నలభై ఏళ్లు దాటాయి. మన బుల్లెట్ల వయసు చెప్పనక్కరలేదు.

పాత ఇనుము గట్టిది అని పెద్దలంటారు. ఒక ఇనుప తీగ తీసుకుని ఒకే చోట అటూ ఇటూ వంచుతూ పోండి. ఒక్క వంపుకు విరగదు, ఇరవయ్యో వంపుకో ముప్పయ్యో వంపుకో పుటుక్కున విరుగుతుంది. లోహానికీ అలసట ఉంది. ఒంటి బండిగా ఉన్నన్నాళ్లూ పక్క బలం ఎరగని చట్రానికీ, స్పోకులకూ ఈ ముసలితనంలో ప్రతి గుంటకూ ప్రతి మలుపుకూ పక్కనుంచి దెబ్బ తగులుతుంది. ఇది ఒకవైపే కుండ ఉన్న కావడి. భుజం ఎంత గట్టిదైనా మెలిక తప్పదు.

బిగింపులో కూడా లెక్క ఉంది. సైడుకారు చక్రాన్ని మోటారు సైకిలు చక్రాలకు సరిగ్గా సమాంతరంగా పెట్టరు. దాని ముందు అంచు 10 నుంచి 20 మిల్లీమీటర్లు మోటారు సైకిలు వైపు తిరిగి ఉండేలా పెడతారు. మోటారు సైకిలును కూడా నిటారుగా కాక ఒకటి రెండు డిగ్రీలు కుడికి ఒరిగేలా నిలుపుతారు. రెండూ కలిసి, ఎప్పుడూ ఎడమకు లాగే గుణానికి విరుగుడుగా పనిచేస్తాయి. మన రోడ్లు నీరు జారడానికి అంచుల వైపు వాలుగా ఉంటాయి కనుక ఆ లాగుడు ఇక్కడ ఇంకాస్త ఎక్కువ. తిన్నని రెండు పట్టీలు, టేపు, ఓపిక ఉంటే ఈ కొలతలు తీయడం కష్టం కాదు. కంటి అంచనాతో బిగించే చోట మాత్రం ఇవి కుదరవు.

ఇక చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం మోటారు సైకిలుకు ఇచ్చిన నిర్వచనం చదివితే నాకు ఆశ్చర్యం వేస్తుంది. మోటారు సైకిలు అంటే రెండు చక్రాల మోటారు వాహనం, అదనపు చక్రంతో దానికి తగిలించిన, విడదీయడానికి వీలైన సైడుకారు కూడా అందులో భాగమే అని దాని అర్థం. బండి నిర్మాణం మార్చాలంటే అనుమతి కావాలని అదే చట్టం 52వ సెక్షనులో ఉంది. మంచిదే. కానీ నడిపేవాడి మాటేమిటి? మోటారు సైకిలు లైసెన్సు చేతిలో ఉంటే చాలు. ఒరిగే బండి మీద నేర్చిన చేతులతో ఒరగని బండిని, హ్యాండిలు తిరగబడి పనిచేసే బండిని, ఆ రోజే రోడ్డు మీదకు తీసుకుపోవచ్చు. చట్టం రెండింటినీ ఒకటే అంటోంది, భౌతికశాస్త్రం కాదంటోంది. ఇలాంటి తగవులో గరిమనాభి చట్టం మాట వినదు. సైడుకారు బిగించిన ప్రతి బండినీ ఇంజనీరు తనిఖీ చేయాలనీ, నడిపేవాడికి వేరే పరీక్ష ఉండాలనీ నేనంటాను.

దీనికి జవాబుగా ఒక మాట వినిపిస్తుంది. 'ఇన్నేళ్లుగా ఎంతమంది నడపలేదు, వాళ్లందరూ పడిపోయారా?' అని. పడలేదు. మంచి పనివాడి చేతిలో అమరిన సైడుకారును, అలవాటు చేసుకున్న మనిషి, తన వేగం తాను ఎరిగి నడిపితే దశాబ్దాల తరబడి క్షేమంగా నడుస్తుంది. రష్యాలో ఉరల్ బండ్లు మొదటి నుంచీ సైడుకారుతో కలిపి తయారైనవే, మంచులోనూ బురదలోనూ తిరిగాయి. నేను తప్పుపట్టేది సైడుకారును కాదు, లెక్క లేని బిగింపును. తనిఖీ, పరీక్ష అంటే పేదవాడికి ఖర్చు అన్న మాటా నిజమే. అయితే ఆ ఖర్చు తప్పించుకుంటున్నది నడిపేవాడు, ప్రమాదం మోస్తున్నది పక్క పెట్టెలో కూర్చున్న తల్లో, పాపో. వాళ్ల చేతిలో హ్యాండిలూ లేదు, బ్రేకూ లేదు.

కాళ్లు సరిగా పనిచేయనివారి కోసం స్కూటర్లకు రెండు పక్కలా చెరో చక్రం అమర్చడం మీరు చూసే ఉంటారు. అది వేరు. రెండు వైపులా సమంగా ఉండడం వల్ల ఎడమకూ కుడికీ లాగే జబ్బు దానికి ఉండదు. ఒరగకపోవడం మాత్రం దానికీ ఉంది కాబట్టి మలుపుల్లో నెమ్మది తప్పదు. వారికి ఆ బండి సరదా కాదు, కాళ్లు. అందుకే దాని అమరిక మరింత శ్రద్ధగా జరగాలి.

మీ ఇంట్లో ఎవరైనా పాత బండికి సైడుకారు పెట్టాలనుకుంటే పై లెక్కను వాళ్ల బండి కొలతలతో వేసి చూపించండి. బరువులు తూకం మీద దొరుకుతాయి, వెడల్పు టేపుతో దొరుకుతుంది. గరిమనాభి ఎత్తు ఒక్కటే అంచనా. వాళ్లు నడపడం నేర్చుకునేది బజారులో కాదు, ఖాళీ మైదానంలో. సైడుకారులో ఇసుక బస్తా కదలకుండా కట్టి, ముందు కుడి వైపు పెద్ద సున్నాలు, తర్వాత ఎడమ వైపు సున్నాలు తిరగాలి. వేగం పెంచితే ఎటు లాగుతోందో, బ్రేకు వేస్తే ఎటు తిరుగుతోందో చేతులకు అలవాటు కావాలి. ఆ తర్వాత బస్తా తీసేసి, ఎడమ వైపు సున్నాను కొద్దికొద్దిగా చిన్నది చేస్తూ, సైడుకారు చక్రం నేలను వదిలే క్షణం ఎలా ఉంటుందో గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంలోనే, చుట్టూ ఎవరూ లేని చోటే చూడాలి. మనిషిని ఎక్కించేది ఆ తర్వాతే.